టీ బకెట్ దగ్గర పలికిన పేరు

నా చిన్నప్పుడు నా నోట్లో నువ్వుగింజ నానేది కాదు. వీధిలో ఎవరింట్లో ఎవరు దిగారో, ఎవరి కుక్క ఎవరిని కరిచిందో అమ్మకన్నా ముందు నాకే తెలిసేది. ఎదురైన ప్రతివాళ్ళనీ పేరు పెట్టి పలకరించడం నాకదో గొప్ప. గుంటూరు నుంచి ఐర్లండు వచ్చిన మా నాన్నగారు డండాక్ ఊరి ఆసుపత్రిలో డాక్టరు, అమ్మ అక్కడే నర్సు. సరిహద్దు ఊరు కదా, అవతలి వైపు ఉత్తర ఐర్లండులో కాల్పులూ గొడవలూ జరుగుతున్న రోజులు. ముక్కూమొహం తెలియని కారు మా వీధిలో నెమ్మదిగా వెళితే పెద్దవాళ్ళు మాట్లాడుతున్నవాళ్ళల్లా ఆగిపోయేవారు. నేను మాత్రం ఆగేదాన్ని కాదు.

బడి వదిలాక అమ్మ వచ్చేదాకా పక్కింటి తాతయ్య దగ్గర ఉండేదాన్ని. ఆయన ఈ ఊరి ఐరిష్ మనిషే, డెబ్భై దాటాయి, ఒక్కరే ఉండేవారు. అమ్మ నేర్పినట్టు నేను "తాతయ్యా" అంటే, పుట్టినప్పటి నుంచీ అదే తన పేరన్నట్టు పలికేవారు. నాకో చిన్న చాకు ఇచ్చి బంగాళాదుంపల చెక్కు తీయించేవారు. తొక్క కాస్త మందంగా తీశానా, "మా సార్జెంటు చూస్తే నీ తాట తీసేవాడే" అని నవ్వేవారు. ఒకప్పుడు సైన్యంలో ఉన్నారని తెలుసు గానీ, అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు.

మా వీధి చివరింట్లో ఒక కుర్రాడు అద్దెకుండేవాడు. ఒక ఆదివారం చేతికి గాయంతో మా పెరటి తలుపు తట్టాడు. నాన్నగారు వంటింటి బల్ల మీదే కట్టు కట్టారు. అతను నాన్నగారికి చెప్పుకున్న పేరు ఒకటి, వీధిలో అందరూ పిలిచే పేరు ఇంకొకటి. రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నేనని ఎంత మురిసిపోయానో! "ఈ సంగతి ఎక్కడా అనకమ్మా" అన్నారు నాన్నగారు. సరేనన్నాను. సరేననడం నాకు బాగా వచ్చు.

ఆ వారంలోనే, సన్నగా తుంపర పడుతున్న ఒక మధ్యాహ్నం, తాతయ్యా నేనూ రొట్టె కొనుక్కుని వస్తుంటే మా పక్కన ఒక కారు ఆగింది. ఇంజను ఆపలేదు. లోపల ఇద్దరున్నారు. ఒకతను అద్దం దించి, తాతయ్యని కాదు, నన్ను చూసి నవ్వాడు.

"చేతికి కట్టున్న అబ్బాయి, మా చుట్టం, ఏ ఇంట్లో ఉంటున్నాడు పాపా?"

నన్నింత మంచి ప్రశ్న అంతవరకూ ఎవరూ అడగలేదు. నోరు తెరిచాను. అంతే, తాతయ్య నా మణికట్టు పట్టుకున్నారు. ఎముక నొప్పెట్టింది.

"దీనికి ఇంగ్లీషు రాదయ్యా. ఇండియా నుంచి మొన్ననే దిగారు, పాపం" అన్నారు నవ్వుతూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. తరగతిలో ఇంగ్లీషులో మొదటి మార్కు నాది! కోపమొస్తే నాకు తెలుగే వచ్చేది. "అబద్ధం! నాకన్నీ తెలుసు, అతను ఆ చివరింట్లోనే ఉన్నాడు, వదలండి తాతయ్యా!" అని నడివీధిలో అరిచాను. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను, వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కారులో ఇద్దరూ పగలబడి నవ్వారు. "గ్రాండ్, గ్రాండ్" అంటూ, సరేలెమ్మన్నట్టు అద్దం ఎత్తుకున్నారు. కారు నడక వేగంతో ముందుకు కదిలింది. చివరింటి దగ్గర దాని వెనక దీపాలు ఎర్రగా వెలిగాయి. చాలాసేపు వెలిగే ఉన్నాయి. తర్వాత మలుపు తిరిగింది.

ఇంటికి రాగానే తాతయ్య తలుపు గడియ పెట్టారు. నన్ను కూర్చోబెట్టి, వెనక సందులోంచి ఎటో వెళ్ళొచ్చారు. తడిసిన కోటు కూడా విప్పకుండా చెప్పడం మొదలుపెట్టారు.

ఈ దేశానికి స్వాతంత్ర్యం వచ్చీ రాగానే, నిన్నటిదాకా ఒక పక్షాన పోరాడినవాళ్ళే రెండుగా చీలి ఒకళ్ళనొకళ్ళు కాల్చుకున్నారట. పంతొమ్మిదేళ్ళ తాతయ్య కొత్త ప్రభుత్వ సైన్యంలో చేరారు. తుపాకీ ఇచ్చారు గానీ పని వంటశాలలో. తెల్లవారకముందే పొయ్యి రాజేయడం, రొట్టెలు కోయడం, బకెట్లలో టీ కాచి, పట్టుబడ్డ అవతలి పక్షం ఖైదీలకు పోయడం. తడి మేజోళ్ళు, పేలు, చేసిందే చేయడం. యుద్ధం ఎక్కడో దూరాన జరుగుతోందనుకునేవారట. అయితే రోజూ సాయంత్రం రేపు ఎంతమందికి టిఫిను పెట్టాలో చీటీ వచ్చేది. ఎవరినీ విడిచిపెట్టకుండా, ఇంకెక్కడికీ పంపకుండా, ఆ సంఖ్య తగ్గిందంటే ఎందుకో వంటవాళ్ళకి తెలుసు.

ఒకరోజు టీ కోసం నిలబడ్డ వరుసలో చిన్నప్పుడు బడిలో తన బల్ల మీదే కూర్చున్న స్నేహితుడు కనిపించాడు. ప్రాణం లేచొచ్చినట్టయి, తాతయ్య అతన్ని పేరు పెట్టి గట్టిగా పిలిచారు. గరిటె నిండా టీ పోశారు. అతను తలెత్తలేదు. పట్టుబడ్డప్పుడు అతను చెప్పిన పేరు వేరు. అసలు పేరు మీద సైన్యం అతన్ని వెతుకుతోంది. పక్కనే ఉన్న అధికారి "ఏమన్నావోయ్?" అని చాలా స్నేహంగా అడిగాడట. రెండో నాటి చీటీలో ఒకటి తగ్గింది.

"అతని పేరేంటి తాతయ్యా?" అన్నాను. చూడండి, అంతా విన్నాక కూడా అదే అడిగాను!

"ఒకసారి చెప్పానుగా" అన్నారు. "చాలు."

నా తెలుగు అరుపు అప్పుడు నా చెవిలో వినిపించింది. భయంతో ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, చాకు నా చేతికిచ్చి దుంపలు ముందుకు జరిపారు.

తెల్లారేసరికి చివరింటి కిటికీలకు తెరలు లేవు. ఆ కారు మరో రెండు రోజులు మా వీధిలో తిరిగింది. ఆ కుర్రాడు ఎక్కడికి వెళ్ళాడో, బతికాడో లేదో, ఇవాళ్టికీ నాకు తెలియదు.

ఇప్పుడు నేనూ అమ్మమ్మనయ్యాను, ఈ ఊళ్ళోనే. మా మనవరాలు ఐరిష్ యాసలో దెప్పుతుంది, బస్సులో ఎదురైతే తనని కూడా "ఏమ్మా" అంటానే తప్ప పేరుతో పిలవనని. మొన్న ఇది చదివి వినిపిస్తే, ఇంతమందిలో ఒక్కరికీ పేరు లేదేం అమ్మమ్మా అంది. తాతయ్య పేరు నాకు తెలుసు. ఆ కుర్రాడి పేర్లు రెండూ గుర్తే. నాలుక చివరికి వచ్చేస్తాయి కూడా, నా సంగతి తెలిసిందేగా. సరిగ్గా అప్పుడే నా మణికట్టు నొప్పెడుతుంది, నేను నోరు మూసుకుంటాను.