కరిగే స్క్రూలు

పీరోట్ పట్నం దగ్గరి ఆ కొండపల్లెలో ఏ ఇంట బిడ్డ పుట్టినా పొత్తిళ్ళ పట్టీ నేసి ఇచ్చేది రదుంకాయే. నేయడమే కాదు, కాళ్ళు తిన్నగా చాచి, కదలకుండా బిగించి చుట్టేదీ ఆవిడే. తను చుట్టిన పిల్లలెవరికీ వంకరకాళ్ళు రాలేదని ఆవిడ గొప్ప. ఆ గొప్ప కాస్తా సొంత మనవరాలు యాగొదా దగ్గర మట్టికొట్టుకుపోయింది. పిల్ల నడక మొదలుపెట్టడమే కుంటుతూ మొదలుపెట్టింది. కాళ్ళు అలా బిగించి చుట్టడం వల్లే తుంటి ఎముక గూట్లోంచి జారి ఉంటుందని నగరంలో డాక్టర్ అన్నాడు. ఆయన మామూలుగానే అన్నాడు. రదుంకాకు తల కొట్టేసినట్టయింది.

ఎముక కోసి, సరిచేసి, స్క్రూలు బిగించాలి. లోహంవైతే పట్టు గట్టిది గానీ ఏడాది తర్వాత మళ్ళీ కోసి తీయాలి. ఇంకోరకంవి ఒంట్లోనే కరిగిపోతాయి.

"నన్నడిగితే లోహంవే," అన్నాడు డాక్టర్. కోడలు మిర్యానా తలూపబోయింది.

"కరిగేవే వెయ్యి నాయనా," అంటూ రదుంకా అడ్డుపడింది. "నా మూలంగా దానికి ఒక్క కోత చాలు. రెండోది నేను చూళ్ళేను."

అత్త ఏడుపు చూసి కోడలు మెత్తబడింది. అక్కడే వచ్చింది చిక్కంతా.

పిండికట్టు విప్పాక తీసిన ఎక్స్‌రేలో ఆ స్క్రూలు కనబడనే లేదు. అవి కనబడవట. కనబడింది మళ్ళీ పక్కకు జారిన ఎముక. డాక్టరుకని తెచ్చిన కాఫీ పొట్లం, ప్లమ్ సారా సీసా రదుంకా ఒళ్ళోనే ఉండిపోయాయి.

"నా మాట వినబట్టేనా నాయనా?"

"లోహంవైనా ఒక్కోసారి ఎముక జారుతుందమ్మా. ఇందువల్లేనని చెప్పలేం."

తిట్టినా బాగుండేది. ఆ మాటతో ఏడవడానికీ లేదు, ఊరుకోవడానికీ లేదు.

"ఈసారి లోహంవే," అంది మిర్యానా. "మీరు మాత్రం నోరెత్తకండత్తయ్యా. మీ ప్రేమకో దణ్ణం."

ఒక కోత తప్పిద్దామనుకుంటే ఇంకోటి పెరిగింది పాపం.

ఆపరేషన్ పొద్దున నర్సు గదిలోకి రాగానే రదుంకా పిల్లను గుండెకు అదుముకుంది, ఏడిస్తే ఓదార్చాలని. మూడేళ్ళ యాగొదా ఏడవలేదు. నర్సు అడక్కముందే గౌను తీయించుకోవడానికి రెండు చేతులూ పైకెత్తింది.

"నాయనమ్మా, నువ్విక్కడే కూచో. లోపలికి రానివ్వరు," అంది, ఆ సంగతి నాయనమ్మకే తెలియదన్నట్టు.