ఆదివారం ట్యూనింగ్

మా ఆయన పత్తి మిల్లులో ఫిట్టరు. సత్తెనపల్లి రోడ్డు మీద మిల్లు, దానికి ఇవతల ఊళ్లో నేను పనిచేసే అంగన్‌వాడీ. పొద్దున్నే ఆయన బండి వెనక ఎక్కి నేను అక్కడ దిగిపోతే, ఆయన మిల్లుకు పోయేవారు. సాయంత్రం మళ్లీ అంతే. బండి మా పెళ్లినాటికే పాతది. మార్చమని అడిగే ఓపిక కూడా నాకు ఎప్పుడో పోయింది.

మిల్లు షెడ్డులో పెట్టిన బండి ఏదైనా వారం తిరిగేసరికి దూది నూగు పీల్చి దగ్గడం మొదలుపెడుతుంది. అందుకని ఆదివారం వచ్చిందంటే మా వాకిట్లో ట్యూనింగ్. తలంటు పోసుకోవాల్సిన మనిషి గోనెపట్టా పరుచుకుని, సీటు కింద ఉండే గుడ్డసంచి విప్పి కూర్చునేవారు. అందులో ఏమంత గొప్ప సామాను లేదు. కార్బొరేటర్ విప్పే స్పానర్లు, పెట్రోలు చిమ్మే జెట్టు ఊడదీసే సన్న స్క్రూడ్రైవరు, గాలి స్క్రూ తిప్పడానికి అరచేతిలో ఇమిడే పొట్టి స్క్రూడ్రైవరు. తీగ పెడితే జెట్టు రంధ్రం పెద్దదైపోతుందని నోటితోనే ఊదేవారు. ఆ పెట్రోలు కంపు నోటితోనే కాఫీ అడిగేవారు. విసుక్కుంటూనే ఇచ్చేదాన్ని.

అన్నీ బిగించాక అసలు పని. ఇంజను స్టార్ట్ చేసి, తల పక్కకు వంచి, గాలి స్క్రూ కొద్దికొద్దిగా తిప్పుతూ వినేవారు. చప్పుడులో గరుకు పోయి నున్నబడిన చోట ఆపి, బండి నిలబడ్డప్పుడు ఇంజను తిరిగే వేగం, అదే స్లో, తగ్గించేవారు. వినీ వినీ వంటింట్లో ఉన్న నాకు కూడా ఆ చోటు తెలిసిపోయేది.

ఒక ఏడు పత్తి సీజను మధ్యలో బండి అరవడం మొదలుపెట్టింది. ట్యూనింగ్ అయ్యాక కూడా నిలబడ్డచోటే రంకెలు వేస్తోంది. స్లో ఎక్కువైంది, తగ్గించమన్నాను. సరిగ్గానే ఉందన్నారు. పై ఆదివారం ఇంకాస్త పెంచారు. మీ ఆయన బయల్దేరితే మా పాప ఉలిక్కిపడి లేస్తోందని పక్కింటావిడ దెప్పింది. నాకు తిక్క రేగింది గానీ, రోజంతా పిల్లలతో అరిచి వచ్చి మళ్లీ ఈయనతో అరిచే శక్తి లేక ఊరుకున్నాను.

ఆ వారమే ఒక సాయంత్రం మిర్చి బస్తాల టిక్కీలేసుకుని గుంటూరు యార్డుకు పోయే లారీ మా వెనక హారన్ కొడుతూనే ఉంది. ఆయన పక్కకు తీయలేదు. లారీ మమ్మల్ని రాసుకుంటూ పోయింది. బండి ఆపి, "హారన్ కూడా కొట్టకుండా ఎట్టా వచ్చాడో చూడు వెధవ" అన్నారు.

నాకు ముందే తెలియాల్సింది. కానీ పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిషన్ల మోత మధ్య బతికే వాళ్ల ఇళ్లలో మాటంటేనే కేక. అన్నానికి పిలిచినా కేకే, ముద్దు చేసినా కేకే. అందరం అరుచుకునే ఇంట్లో చెవుడు వస్తే ఎవరికి తెలుస్తుంది? అడిగితే ఆయన ఒప్పుకోలేదు. బేరింగు పోయేముందు చప్పుడు విని పట్టేస్తాడని మిల్లులో ఆయనకు పేరు. ఆ పేరు మీదే మా తిండి.

ఆదివారం నేనే గోనెపట్టా మీద కూర్చుని పొట్టి స్క్రూడ్రైవరు తీసుకున్నాను. పోట్లాడతారనుకున్నాను. లేచి పక్కన నిలబడ్డారు. దానికి నాకు ఇంకా భయమేసింది. కొద్దికొద్దిగా తిప్పాను. చప్పుడు నున్నబడింది. స్లో తగ్గించాను. చాలా రోజుల తర్వాత బండి మెత్తగా, మా వాకిట్లోకి మాత్రమే వినపడేట్టు తిరుగుతోంది.

"ఎందుకు ఆపేశావు?" అన్నారు.

కేకేసి చెప్పబుద్ధి కాలేదు. ఆయన చెయ్యి పట్టుకుని ట్యాంకు మీద పెట్టాను. అదురు తెలిసింది కాబోలు, చెయ్యి తీయకుండా అట్లాగే నిలబడిపోయారు. నాకు ఏడుపొచ్చింది.

సోమవారం పొద్దున నేను వెనక ఎక్కుతుంటే, తిరిగి చూడకుండానే అన్నారు: "వెనక ఏదన్నా వస్తే భుజం తట్టు."

అంగన్‌వాడీ దాకా తడుతూనే ఉన్నాను. దిగాక ఎప్పట్లాగే ఆయన మిల్లువైపు సాగిపోయారు. మా ఇద్దరి దగ్గరా సెల్‌ఫోన్లు లేని రోజులవి. క్షేమంగా చేరారో లేదో సాయంత్రం ఆయన వస్తేనే తెలుస్తుంది. వెనక నుంచి, యార్డులో సరుకు దింపి తిరిగొస్తున్న మరో మిర్చి లారీ నన్ను దాటి, హారన్ కొట్టుకుంటూ ఆయన పోయిన వైపే పోయింది.