తల తీసిన సరుగుడు

ఎలీసమ్మ చేతిలో ఫోను చూసి కళింగపట్నంలో నవ్వనివాళ్లు లేరు. కోడలు శాంతి కొత్తది కొనుక్కుని, అద్దం పగిలిన పాతది అత్తకు పడేసింది. ఎలీసమ్మ రెండో తరగతి గడప దాటలేదు. ఆ ఫోనులో ఆమె గుర్తుపట్టగలిగింది కెమెరా బొమ్మ ఒక్కటే. అది చాలనుకుంది.

చలికాలం వస్తే ఆమె కాపురమంతా పెరట్లోనే. పక్కింటి బాదంచెట్టు ఆకులన్నీ ఎర్రబారి రాలిపోతే, అది చేపలారేసే దండెంలా బోసిగా నిలబడేది. ఎలీసమ్మ సరుగుడు మాత్రం పచ్చగానే ఉండేది. పెనిమిటి చనిపోయిన ఏడు ఆమె తన చేత్తో నాటిన చెట్టు. సముద్రం మీంచి మంచు దిగితే దాని సన్నటి ఆకుల కొసల్లో నీటిబొట్లు వేలాడేవి. ఇసుకలో గొంతుకూర్చుని, చెట్టు వెనక సూర్యుడు వచ్చేదాకా కాచుకుని, కిందనుంచి ఫోటో తీసేది.

"రోజూ అదే సెట్టు తీస్తావేటత్తా? దాని మొకమేటి మారిపోతాదా?"

"మారతాదే. పొద్దస్తమానం మాడిపోయి ఉండడానికి అది నీ మొకమేటి?"

తిట్లు పడ్డా, శాంతే ఒక ఫోటోని చర్చి గ్రూపులో పెట్టింది. అందరూ మెచ్చుకున్నారు. పాస్టరుగారు ఆదివారం ఆరాధనలో లేచి, "ఈసారి సంఘం క్యాలెండరు మీద ఎలీసమ్మగారు తీసిన బొమ్మ వేద్దాం" అన్నారు. ఎలీసమ్మగారు! పుట్టి బుద్ధెరిగాక ఆ 'గారు' వినడం అదే మొదలు. ఆ రోజు ఇంటికి నడిచిన నడకే వేరు.

క్రిస్మస్ ముందు యూత్ పెద్ద రాబర్ట్ వచ్చాడు. ఏటా ఒక సరుగుడు తెచ్చి చర్చిలో నిలబెట్టి, దూది అంటించి అదే మంచు అనుకోవడం ఆ సంఘం వాడుక.

"పెద్దమ్మా, నీ ఫోటో సూసినకాడి నుంచి మాకింకే సెట్టూ ఆనట్లేదు. ఒక కొమ్మియ్యి."

"కొమ్మంటే కొమ్మేరా. సెట్టు తల ముట్టుకున్నావంటే నీ సెయ్యి ఇరుస్తాను."

"దేవుడి పనికి కూడా ఇన్ని షరతులేటి?"

ఇంకొకప్పుడైతే చీపురు తిరగేసేది. కళ్లముందు క్యాలెండరు ఆడుతోంది. తలూపింది.

ఆమె స్త్రీల కూడికకు వెళ్లొచ్చేసరికి చెట్టుకు తల లేదు. కొమ్మకు క్రిస్మస్ చెట్టు ఆకారం ఎక్కడిది? ఆ ఊళ్లో కొమ్మ అడిగినవాళ్లందరూ తలే పట్టుకుపోతారు. ఆ సంగతి ఎలీసమ్మకూ తెలుసు.

"మళ్లీ సిగురిస్తాదిలే పెద్దమ్మా" అన్నాడు రాబర్ట్.

"పక్క పిలకలొస్తాయిరా. తల రాదు." అంతకుమించి అనలేదు. క్యాలెండరు రావాలి కదా.

కొత్త సంవత్సరం ఆరాధనలో క్యాలెండర్లు పంచారు. బొమ్మలో ఏ దేశానిదో మంచుకొండ, దాని మీద కొనదేలిన చెట్టు. ఎలీసమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. వెనక కూడా ఏమీ లేదు.

రాబర్ట్ తల గోక్కున్నాడు. "నీది బాగానే ఉంది గానీ, మన సెట్టు క్రిస్మస్ సెట్టులా లేదన్నారు పెద్దమ్మా."

"అలా లేనిదాని తలెందుకు నరికార్రా మరి?"

చర్చి వెనక, దూది అంటుకున్న ఆ తలను అప్పటికే మేకలు లాగుతున్నాయి.

మర్నాటి నుంచి తల లేని చెట్టునే తీసి గ్రూపులో పెట్టసాగింది. శాంతి చేత గ్రూపులో చేరి, పెట్టడం పంతం కొద్దీ నేర్చుకుంది. ఒక్కరూ మెచ్చుకోలేదు. రాబర్ట్ ఇంటికే వచ్చాడు.

"ఆపు పెద్దమ్మా, సూసినోళ్లకి బాధగా ఉంటన్నాది."

"నరికినప్పుడు నాకు లేదేట్రా బాధ?"

ఒక పొద్దున ఫోటో ఎంత నొక్కినా వెళ్లలేదు. శాంతి ఫోను చూసి గొంతు తగ్గించింది. "నిన్ను గ్రూపులోంచి తీసేసారత్తా."

ఎలీసమ్మ ఫోను లాక్కుని పెరట్లోకి పోయింది. మంచు దిగి ఉంది. ఇసుకలో గొంతుకూర్చుని, ఎప్పటిలాగే చెట్టు తలకు చోటు వదిలి ఫోను పైకెత్తింది.

శాంతి వెనకనుంచి తొంగి చూసింది. "పైనేటుందత్తా? ఉత్త మంచే కదా. కిందికి దించు."

"దించను" అంది ఎలీసమ్మ. "నా సెట్టు ఎత్తు నాకు తెలుసు."