మొదటి గాలి ఎటువైపు నుంచి వచ్చింది

మా సార్ పోయిన మంగళవారం కన్నుమూశారు. ఆయన జ్ఞాపకంగా మా ఆఫీసు వేస్తున్న సంచికలో, ఆయన బతికుండగా ఒప్పుకోని మాట ఒకటి అచ్చు కాబోతోంది. ప్రెస్సుకి వెళ్లేలోగా దాన్ని ఆపాలి, లేదా అది నిజమని తేలాలి. అందుకే దుఃఖం తగ్గేదాకా ఆగకుండా ఇప్పుడే ఈ పత్రికకి రాస్తున్నాను.

మాది విశాఖలో ఎండాకాలపు ఉరుముల వానల గురించి ముందుగా చెప్పే చిన్న ఆఫీసు. పోర్టు యార్డులకీ, అచ్యుతాపురం ఫ్యాక్టరీలకీ హెచ్చరికలు పంపుతాం. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన సార్ మాకు పని నేర్పేవారు. మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని నేనే. కంప్యూటర్ మీద రంగుల్లో కనిపించేదంతా నిజమేననుకునేదాన్ని.

చేరిన కొత్తలో సార్ నన్ను దేశపటం ముందు కూర్చోబెట్టి రాజస్థాన్ మీద వేలు పెట్టారు. "ఇక్కడ కాగిన పొడిగాలి ఇటొస్తుంది. బంగాళాఖాతం తడిగాలి ఎదురెళ్తుంది. రెండూ ఎక్కడ కలుస్తాయో ఈ మెషిన్ చెప్తుంది. చెప్పింది కదా అని నమ్మేయకమ్మా. నిన్నేం చెప్పిందో కూడా చూడు."

తప్పిన అంచనా ఆయన్ని అంతగా బాధపెట్టేది కాదు. సరిపోయినదాని మీదే అనుమానం. మేం టీ తాగుతూ సంబరపడుతుంటే కుర్చీ దగ్గరికి లాక్కుని, "వచ్చింది సరే. మనం చెప్పిన కారణానికే వచ్చిందా?" అనేవారు. సముద్రపు గాలి తిరగడం చూడ్డానికి కిటికీ ఊచకి ఒక గుడ్డపీలిక కట్టుకున్నారు. అది కదలకపోతే, గాలి లేకనా, ముడిలో చిక్కుకునా అని లేచి వెళ్లి ముడి చూసొచ్చేవారు.

రెండు వేసవుల కింద, మే నెలలో ఒక మధ్యాహ్నం, ఒడిశా కొండల మీద పెద్ద మేఘం లేచింది. సాయంత్రానికి అది కొండలు దిగి విశాఖ మీద పడుతుందని సార్ అంచనా. పోర్టులో ఒక యార్డుకి ఫోన్ చేసి క్రేన్లు ఆపి కట్టేయమన్నారు. కట్టారు. సాయంత్రం గాలివాన విరుచుకుపడింది. ఎవరికీ ఏమీ కాలేదు. సార్ కొండ మీద మేఘాన్ని చూసి క్రేన్ల మీదున్నవాళ్ల ప్రాణాలు కాపాడారు అన్నదే సంచికలో రాబోయే మాట.

మర్నాడు అందరం స్వీట్లు తింటుంటే ఆయన ఒక్కరే ముట్టలేదు. "మనం చెప్పిన వాన అరకు దాటలేదేమోనమ్మా. సముద్రపు గాలి ఊళ్లోకొచ్చిన చోట ఇంకోటి పుట్టిందేమో. మనకి కలిసొచ్చింది." సరిగ్గా ఆ సమయపు రాడార్ బొమ్మలు మాకు అందలేదు. ఇక తేల్చాల్సింది అక్కడున్నవాళ్లే. మొదటి గాలి కొండ వైపు నుంచి కొడితే మేం చెప్పిన వాన, సముద్రం వైపు నుంచైతే వేరేది. నన్ను వెంటబెట్టుకుని యార్డుకి వెళ్లారు.

"మీరు సెప్పారు, వచ్చీసింది. ఇంకేటి సార్ మీ అనుమానం?" అన్నాడు సూపర్‌వైజర్.

"మొదటి గాలి ఎటు నుంచి కొట్టిందయ్యా?"

"కొండ మీంచే సార్," అన్నాడు క్రేన్ ఆపరేటర్. "నాను నిచ్చెన దిగతన్నాను. నా తువ్వాలు ఎగిరి సముద్రం వైపెల్లిపోనాది."

పక్కనున్నతను ఊరుకోలేదు. "నీ తువ్వాలు గాలి రాకముందే జారిపోనాది బావా, బయానికి. దుమ్ము సముద్రం వైపు నుంచొచ్చి నా కళ్లల్లో పడింది సార్."

తిరిగొచ్చే దారిలో సార్ అన్నారు, "ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ఇద్దర్నీ నమ్మలేం."

పూర్ణా మార్కెట్ బయట ఆకుకూరలమ్మే మా అమ్మనీ అడిగాను. ఆ సాయంత్రం అక్కడ టార్పాలిన్లు ఎగిరిపోయాయి. "పట్టా ఎటెగిరిందో నానేటి సూసాను? దాన్ని పట్టుకుని నానెటెగిరిపోతానో అని సూసుకున్నాను," అంది. సార్‌కి చెబితే చాలాసేపు నవ్వారు. ఆసుపత్రిలో చివరిసారి చూసినప్పుడు కూడా, "ఆ తువ్వాలు సంగతి తేలలేదు కదూ," అన్నారు.

ఆ గాలివాన రోజు సంగతినే మా ఆఫీసులో కొత్తగా చేరేవాళ్లకి పాఠంగా కూడా పెడుతున్నారు. కొండ మీద మేఘం లేస్తే క్రేన్లు కట్టించాలట. సార్ అనుమానమే నిజమైతే, కొండలు ఖాళీగా ఉన్న రోజున వాళ్లు నిశ్చింతగా కూర్చుంటారు. అప్పుడు నిచ్చెన మీద ఎవరో ఒకరు ఉంటారు. పోయినాయన గొప్పను తగ్గించడానికి మనసెలా వచ్చిందని తోటివాళ్లు అడుగుతున్నారు. నా మీద నాకూ అనుమానమే. ప్రేమకొద్దీ ఆయన మాటే నిజం కావాలని కోరుకుంటున్నానేమో.

పూర్ణా మార్కెట్‌లో పట్టాలు ఎగిరిన ఆ సాయంత్రం మీరు ఆరుబయట ఉన్నారా? ఎటు తిరిగి నిలబడ్డారు, మొదటి దుమ్ము ముఖానికి కొట్టిందా, వీపుకా? గుర్తులేకపోతే గుర్తులేదనే రాయండి. సార్‌కి అదీ జవాబే. ఈ నెల ఇరవై ఐదో తేదీలోగా ఈ పత్రిక చిరునామాకి అందితే చాలు.

ఇది రాస్తుంటే కిటికీకి ఆయన కట్టిన పీలిక కదలడం లేదు. లేచి, ముడి చూసి వచ్చాను.