మా అత్త నేతిలో డబ్బా నెయ్యి

నేను కడపలో పుట్టి పెరిగినదాన్ని. కమలాపురం పక్కన పల్లెకు కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఒళ్లంతా టౌను పొగరే. మల్లెపూవులా తెల్లగా ఉండే మిల్లు బియ్యమే అన్నమనీ, అంగట్లో డబ్బాలో దొరికేదే శుభ్రమైన సరుకనీ గట్టి నమ్మకం. మా అత్త రోట్లో కొర్రలు దంచుతుంటే, ఈ గడ్డి గింజలు తినడానికా మా నాయన నన్ను ఇక్కడ ఇచ్చింది అని లోపల్లోపల సణుక్కునేదాన్ని. పైకి అనడానికి ధైర్యం ఎక్కడ ఏడ్చింది!

మా అత్తకు రెండు ఎనుములు, అదే పాడి గేదెలు, ఉండేవి. చిన్న వయసులోనే భర్త పోతే, ఆ రెంటి పాడి మీదే నా మొగుణ్ని పెంచి పెద్దచేసింది. పత్తివిత్తులు నానబెట్టి, రుబ్బి, బిడ్డలకు పెట్టినట్టు వాటికి పెట్టేది. వారం రోజుల వెన్న పోగేసి నెయ్యి కాచేది. దించే ముందు రెండు మునగ రెబ్బలు వేస్తే వీధి చివరిదాకా వాసన. అయితే ఏం లాభం, అందులో ఒక్క చుక్క మా కంచాల్లో పడేది కాదు. అంతా కమలాపురంలో ఒకే ఒక్క ఇంటికి, ఇరవై ఏళ్లుగా వాడుక.

ఆ రోజుల్లో నెయ్యి కొనేవాళ్లు కాస్త తీసి ముంజేతి మీద రుద్ది, వాసన చూసిగానీ తీసుకునేవాళ్లు కాదు. ఇప్పుడంటే డబ్బాల మీద ఏమేం కలిపారో చీమతలకాయంత అక్షరాల్లో అచ్చేస్తున్నారు, కళ్లజోడు పెట్టుకున్నా కనిపించి చావవు. అప్పుడు ముంజేయే సాక్ష్యం. ఆ కమలాపురం ఇంటామె మాత్రం మా అత్త నేతిని ఏనాడూ రుద్ది చూడలేదట. ఆ సంగతి చెప్పేటప్పుడు మా అత్త మొహం చూడాలి!

నాకు మూడో నెల అని తెలిసి మా అన్న కడప నుంచి చూడ్డానికి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక వనస్పతి డబ్బా తెచ్చాడు. దాన్ని మేం డబ్బా నెయ్యి అనేవాళ్లం.

"టౌన్లో అందరూ ఇదే వాడ్తాండారు అత్తా. నెయ్యికీ దీనికీ తేడానే లేదు," అన్నాడు గొప్పగా.

అత్త మూత తీసి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఏ ఎనుము ఇచ్చిందప్పా?" అంది. మా అన్న ఆ డబ్బా తీసి గూట్లో పెట్టేశాడు.

ఆ వారమే కమలాపురం ఇంటామె కూతురికి కాన్పయిందని, బాలింతకు కొత్త నెయ్యి కావాలని కబురొచ్చింది. అత్త చేనుకు పోతూ మొట్టమొదటిసారి వెన్న నా చేతికిచ్చింది.

"పొయ్యి కాడ నుంచి లెయ్యొద్దు అమ్మీ. మంట శానా పెట్టొద్దు."

లేవకుండా ఉంటే నేను నేనెందుకవుతాను! వీధిలోకి చీరల మూటవాడు వచ్చాడని పక్కింటామె పిలిచింది. ఒక్క నిమిషమని పోయాను. తిరిగొచ్చేసరికి నెయ్యి పొంగి మూడోవంతు పొయ్యిపాలయింది. మొదటి పనే ఇట్లా తగలేశానంటే ఈమె నన్ను బతకనిస్తుందా? గూట్లో మా అన్న తెచ్చిన డబ్బా కనిపించింది. తగ్గినంత మేరకు తీసి కలిపేశాను. చల్లారాక తెల్లగా, పూసపూసగా ఎంత బాగా పేరుకుందో! నా తెలివికి నేనే మురిసిపోయాను, బుద్ధిలేనిదాన్ని.

సాయంత్రం అత్త వచ్చి మూత తీసింది. ముంజేతికి రుద్దుకోబోయి ఆగిపోయింది. "నా కోడలు కాచింది, నేను చూసేదేంది!" అని నవ్వి మూత పెట్టేసింది. అప్పుడే చెప్పి ఉండాల్సింది.

మర్నాడు పొద్దున నన్ను కూడా వెంటబెట్టుకుని కమలాపురం పోయింది. కోడలు పనిమంతురాలని ఆ ఇంట్లో చూపించుకోవాలని ఆమె ఆశ. ఆ ఇంటామె మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. లోపల పసిబిడ్డ సన్నగా ఏడుస్తోంది.

"అంగట్లో నెయ్యంతా కల్తీ అయిపాయె అక్కా. నీది గాబట్టి కండ్లు మూసుకుని నా బిడ్డకు పెడతాండా," అంటూ గిన్నె అందుకుని, వాసనైనా చూడకుండా, బాలింత అన్నంలోకి గరిటెతో తీయబోయింది.

మా అత్త ఎంత నిండుగా నవ్విందో!

"పెట్టొద్దమ్మా! దాంట్లో డబ్బా నెయ్యి కలిపినా!" అని అరిచేశాను.

ఇద్దరూ నా వైపే చూశారు. అత్త నెమ్మదిగా లేచి గిన్నె వెనక్కి తీసుకుంది. నా మీద ఒక్క మాట పడనివ్వలేదు. "తప్పు నాదేనమ్మా. చూడకుండా తెస్తి. ఎల్లుండి మంచిది తెస్తా," అంది. ఆ ఇంటామె గరిటె పక్కన పెట్టి లోపలికి పోయింది.

ఊరు దాటాక అత్త మొదలుపెట్టింది చూడండి!

"పొంగితే పొంగెనే, కుండ పగిలితే పగిలెనే! నాతో చెప్పేదానికేమి? నేనేమన్నా పులినా, నిన్ను తినేస్తానా?"

దారిపొడుగునా తిట్టింది. దారిపొడుగునా ఏడ్చాను.

చెప్పిన రోజుకు, కూడిన కాస్త వెన్నే కాచి తానొక్కతే పట్టుకుపోయింది. ఆ ఇంటామె నెయ్యి తీసుకుందట. అయితే ముందు ముంజేతి మీద రుద్ది, రెండుసార్లు వాసన చూసిందట. "చూడాల్సిందే గదా, బాలింత తినేది," అని నాకు చెప్పి, అత్త గోడ వైపు తిరిగి పడుకుంది. ఇరవై ఏళ్ల మాట నా వల్ల పోయింది. ఆ పూట ఆమె అన్నం ముట్టలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం కొర్రన్నం ముందు కూర్చున్నాం. నేను పాడుచేసిన నేతి గిన్నెను అత్త గూట్లోంచి దించింది. అది అమ్మడానికి లేదు, పారేయడానికి ఆమెకు చెయ్యి రాదు. అందులోంచి తన కంచంలో వేసుకుంది. తర్వాత పక్కనున్న చిన్న చెంబు తీసి నా అన్నంలో వంచింది. మునగాకు వాసన గుప్పుమంది. కమలాపురం ఇంటికి పోసిన దాంట్లోంచి నాకోసం దాచి ఉంచింది.

నాకు ఏడుపు ఆగలేదు. "నాకూ ఆ గిన్నెలోదే వెయ్యత్తా. తప్పు చేసింది నేను గదా," అన్నాను.

"నువ్వు చేసినావులే, తెలుసు," అంది అత్త, చెంబు ఇంకాస్త వంచుతూ. "నీ కడుపులో ఉండేది ఏం చేసింది?"