గడప కింద బంగారం

డిగ్రీలో చేరిన ఆ రోజుల్లో, మా ఇంట్లోవాళ్లకు తోచనివన్నీ నాకే తోస్తాయని గట్టి నమ్మకం ఉండేది (ఇంట్లోవాళ్లు ఆ నమ్మకాన్ని ఇప్పటికీ గుర్తుచేస్తుంటారు). ధర్మవరంలో నాయనది పట్టుచీరల వ్యాపారం. కొత్త ఇల్లు కడుతున్నాం. ద్వారబంధం నిలబెట్టేటప్పుడు దాని కింద పిసరంతైనా బంగారం వేయాలి. ఉన్నదంతా కట్టుబడికే కరిగిపోయి, మిగిలింది అవ్వ ముక్కుపుడక ఒక్కటే. "కాటికి కాళ్లు సాపుకున్నదాన్ని, నాకెందుకు నాయనా ఇది? రేపు ఇదే ఏసేద్దాం" అంది అవ్వ. ఆ పుడక లేని అవ్వ ముఖం నేనెప్పుడూ చూడలేదు. చూడాలంటే భయం వేసింది.

అప్పుడు నా బుర్ర పనిచేసింది. "రామగిరిలో బంగారు గనులుండాయి గదా నాయనా! మూతబడితే ఏం, ఆడ మన్నులో బంగారం ఉండదా? పిడికెడు తెస్తే సాలు." పైసా ఖర్చు లేని సలహా కాబట్టి వ్యాపారస్తుడైన నాయనకు వెంటనే నచ్చింది. మేనమామను తోడిచ్చి పంపాడు.

బస్సు దిగి షేర్ ఆటో ఎక్కాం. దారిలో పెన్నేటి లోయ వస్తుందంటే నీళ్లు ఊహించుకున్నాను. ఏట్లో ఇసుక, కంపచెట్లు, మేకలు. రామగిరిలో కూలిన గోడలు, తుప్పుపట్టిన ఇనుము, బూడిదరంగు మట్టిదిబ్బలు. నేను ప్లాస్టిక్ కవరు తీసి ఒక దిబ్బ ముందు కూర్చున్నానో లేదో, పక్క చేన్లో శెనక్కాయ కలుపు తీస్తున్న పెద్దామె కేకేసింది.

"దాన్ని ముట్టుకోవాకమ్మో! బంగారం తీసేదానికి సైనైడు కలిపిన మన్ను అది. గడ్డి గూడా మొలవదు!"

మామ ఉలిక్కిపడి తన జేబురుమాలు దులిపేశాడు (ఆయనా గుట్టుగా ఓ గుప్పెడు మూట కట్టుకున్నాడని అప్పుడే తెలిసింది). నాకు ఏడుపు వచ్చింది. పెద్దామెకు అవ్వ సంగతంతా చెప్పేశాను. ఆమె ముక్కుకు పుడక ఉండాల్సిన చోట చీపురుపుల్ల ఉంది.

"నా పుడక, కమ్మలు, గాజులు అన్నీ ఈ చేన్లో బోర్లేసేదానికే పాయ. సుక్క నీళ్లు పళ్లేదు. బంగారం కావాలంటే గనులెందుకమ్మా, ఈ మన్ను తీసుకోపో" అంటూ పకపకా నవ్వి, తనే ఎర్రమట్టి కవరు నిండా పోసింది.

ఇంట్లో అందరూ నవ్వారు, అవ్వ తప్ప. చీపురుపుల్ల మాట మళ్లీ చెప్పించుకుంది. మర్నాడు ద్వారబంధం కింద ఆ మట్టే వేయించి, పుడక తీసి నా చేతిలో పెట్టింది. "ఆమెకు ఇచ్చి రాపో" అంది. దేన్ని కాపాడాలని వెళ్లానో దాన్నే కొంగున కట్టుకుని నేను మళ్లీ రామగిరి దారి పట్టాను.

పెద్దామె పుడకను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత గబగబా నా చేతిలో పెట్టి గుప్పిలి మూసేసింది. "వద్దు తల్లీ! ఇది కంటబడితే మా ఇంటాయన ఇంకో బోరు ఏపిస్తాడు!"

అవ్వ పోయాక ఆ పుడక నాకు వచ్చింది. ఇప్పుడు బంగారం ధర పెరిగిందన్న మాట వినగానే నా చెయ్యి ముక్కు మీదకు పోతుంది. కవరు పట్టుకుని బంగారానికి బయల్దేరిన ఆ తెలివిగల పిల్ల గుర్తొచ్చి నవ్వుకుంటాను. మా గడపను మాత్రం ఈనాటికీ తొక్కను, దాటిపోతాను.