తాండూరుకు ఒక ఐరిష్ ఓడ

మా ఆయన పోయిన రెండేళ్లకు, ఆయన సగంలో వదిలేసిన కొయ్య ఓడను పూర్తి చేయించాలనిపించింది. పందొమ్మిదో శతాబ్దంలో ఐర్లండ్ తీరం వెంట బొగ్గూ పలకరాయీ మోసిన తెరచాపల సరుకు ఓడకు అది నమూనా. ఆయనా సరుకు ఓడల్లోనే పనిచేశాడు. ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ల మీదే. సెలవుకు వచ్చినప్పుడల్లా దీన్ని చెక్కుతూ కూర్చునేవాడు. తెరచాపలకు తాళ్లు కట్టడం మిగిలిపోయింది. ఆ పని తెలిసిన ఖాజా భాయ్, ఆయన ఓడలోనే పనిచేసి రిటైరై, ఇప్పుడు తాండూరులో ఉంటున్నాడు.

పొద్దున ఎనిమిదిన్నరకు వికారాబాద్ స్టేషన్‌లో జనరల్ టికెట్ తీసుకున్నాను. బండి పావుగంట లేటు. పాత చీరలో చుట్టిన ఓడను ఒళ్లో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. ధారూర్ దాటాక పక్కనామె ఉండబట్టలేక అడిగింది.

“గదేంది అక్కా?”

“ఓడ.”

“సముద్రం కాడికి పోతున్నవా?”

“తాండూరు పోతున్న.”

ఇద్దరం నవ్వుకున్నాం. నిజానికి నేను సముద్రాన్ని ఇంతవరకూ చూడలేదు.

తొమ్మిదీ ముప్పావుకు దిగి ఆటో ఎక్కాను. నాపరాళ్లు కోసే మిషన్ల మోత మధ్య నుంచి ఖాజా భాయ్ ఇంటికి చేరాను. ఆయన ఓడకు చుట్టిన చీర తీసి, దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని దారం అందుకున్నాడు. మధ్యాహ్నం ఆయన భార్య జొన్నరొట్టె, పప్పు పెట్టింది. తిన్నాక మళ్లీ ముడులు వేస్తూ ఆయన చెప్పాడు.

“ఐర్లండ్‌ల ఒక చిన్న రేవుల మా ఓడ ఆగింది భాభీ. ఆడ గోడ మీద పాత ఓడోళ్ల పేర్లు రాసి పెట్టిండ్రు. అయిదుగురు. అయిదుగురిదీ ఒక్కటే గల్లీ. చలి, తుఫాన్లు, మస్తు కష్టం గాళ్లది. మునిగిపోయినోళ్లు గూడ ఉన్నరు. అయినా మీ ఆయన గా పేర్ల ముందట గంటసేపు నిలబడ్డడు. ‘గీళ్లు రెండు మూడు వారాలకోసారి ఇంటికి పోయేటోళ్లు ఖాజా’ అన్నడు. గా పక్కనే గాళ్ల ఓడ బొమ్మ ఉంటే, దాన్ని చూసి గీ ఓడ కొలతలు రాసుకున్నడు.”

నేను తల వంచుకున్నాను. ఇంట్లో కూడా ఓడేనా అని ఎన్నిసార్లు విసుక్కున్నానో! ఎందుకు చెక్కుతున్నావని ఒక్కసారీ అడగలేదు.

“మీరు పరేషాన్ కాకుండ్రి భాభీ,” అన్నాడాయన మెల్లగా.

మూడున్నరకు తాళ్లన్నీ బిగిశాయి. ఖాజా భాయ్ సన్న కుంచె తీశాడు. “ఓడ వెనక దాని సొంత రేవు పేరు రాయాలె. ఏం రాయమంటరు?”

“వికారాబాద్,” అన్నాను.

కుంచె ఒక్క క్షణం ఆగింది. తర్వాత తెల్లరంగుతో గుండ్రంగా రాశాడు.

నాలుగూ యాభై బండిలో వెనక్కి బయల్దేరాను. రంగు తడిగా ఉందని ఓడను చుట్టలేదు. ఎదురుగా కూర్చున్న పెద్దాయన అక్షరాలు కూడబలుక్కుని చదివాడు.

“వికారాబాద్‌ల ఓడలు ఏడున్నయమ్మా?”

“ఒక్కటే ఉంది,” అన్నాను.

వెళ్లాలనుకునేవాళ్లకు చెప్తున్నాను: వికారాబాద్ నుంచి తాండూరుకు గంట కూడా పట్టదు. పొద్దున బయల్దేరితే, పని చూసుకుని చీకటి పడేలోగా ఇంటికి వచ్చేయొచ్చు. ఆయన కోరుకున్నది అంతే.